ఒక అర్జీ సెనేట్ దాకా నడిచిన దారి
(కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి రంజాన్ మాసంలో మనం చూసే దృశ్యం ఒకటుంది. మన ప్రతినిధులు ఇఫ్తార్ విందుకు విచ్చేస్తారు. తలపై టోపీ, భుజాన రుమాలు. ఎవరో ఖర్జూరం అందిస్తారు, ఫొటో తీస్తారు, మరునాడు అది పత్రికలో వస్తుంది. విందుకు పిలవడం తప్పని మేము అనడం లేదు. అతిథిని ఆదరించడం మన మర్యాద. కానీ ఆ మధ్య ఒక ఊరి సమావేశంలో మేమొక ప్రశ్న అడిగాం. "మన ఇఫ్తార్‌కు వచ్చిన సభ్యుడు గడచిన ఏడాది కాలంలో సభలో మన గురించి ఏం మాట్లాడారు? ఏ బిల్లు మీద ఎటు ఓటు వేశారు?" ఒక్క చెయ్యీ లేవలేదు. నిజం చెప్పవలసి వస్తే, అడిగిన మాకూ జవాబు తెలియదు. ఆ రోజు సిగ్గుపడ్డాం. ఒక శాసనకర్తను అంచనా వేయడం ఎలాగో ముందు మేము నేర్చుకోవాలనుకున్నాం. అందుకు పక్షపాతానికి తావులేని దూరంలో ఉన్న ఒక మనిషిని ఎంచుకొని, ఆయన పనిని పరిశీలించాం.

ఆయన అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్ డిక్ డర్బిన్. 1997 జనవరి నుంచి సెనేట్‌లో ఉన్నారు. అంతకుముందు 14 సంవత్సరాలు దిగువ సభ సభ్యుడు. 2005 నుంచి డెమోక్రటిక్ పార్టీ విప్. 2021 నుంచి 2025 జనవరి వరకు న్యాయ వ్యవహారాల కమిటీకి అధ్యక్షుడు. 2026 ఎన్నికల్లో మళ్లీ పోటీ చేయనని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఈయననే ఎందుకు ఎంచుకున్నారని మీరు అడగవచ్చు. షికాగో నగరంలోని డెవాన్ అవెన్యూలో నడిచి వచ్చిన బంధువులు మీలో చాలామందికి ఉంటారు. హైదరాబాదు నుంచి వెళ్లిన ముస్లిం కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ప్రాంతాల్లో షికాగో ముఖ్యమైనది. మన మేనమామలు, పినతల్లులు అక్కడ ఇన్నాళ్లూ ఓటు వేసింది ఈయనకో, ఈయన ప్రత్యర్థికో. పైగా అక్కడి సెనేట్‌లో పేర్లు పిలిచి తీసుకునే ప్రతి ఓటూ, బహిరంగ విచారణలూ పేర్లతో సహా ప్రచురితమవుతాయి. చదివే ఓపిక ఉన్నవారికి దాపరికం లేదు.

సెనేటర్ అంటే మన రాజ్యసభ సభ్యుడి వంటివాడని కొందరు పొరబడతారు. మన రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులు ఎన్నుకుంటారు. అక్కడ సెనేటర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. రాష్ట్రం పెద్దదైనా చిన్నదైనా ఇద్దరే సెనేటర్లు, పదవీకాలం ఆరేళ్లు. ఇల్లినాయ్‌లో కోటీ పాతిక లక్షల దాకా జనం ఉన్నారు, 102 కౌంటీలున్నాయి. షికాగో నగరవాసికీ, దక్షిణాన మొక్కజొన్న పండించే రైతుకూ సెనేటర్ ఒక్కరే. అంతమందిని ఒక మనిషి కలవలేడు కనుక, కార్యాలయమే ఆ పని చేయాలి.

ఆ కార్యాలయం సంగతే ముందు చెబుతాం. చట్టాల కన్నా అదే మాకు ఎక్కువ నేర్పింది. సెనేటర్‌కు రాజధానిలో ఒక కార్యాలయం, రాష్ట్రంలో కొన్ని కార్యాలయాలు ఉంటాయి. వాటిలో కొందరు ఉద్యోగుల పని కేవలం ప్రజల అర్జీలు చూడడమే. వీసా ఆగిపోయినవారు, మాజీ సైనికుల భృతి అందనివారు, పాస్‌పోర్టు రానివారు అక్కడికి వెళ్తారు. వెళ్లగానే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి: నా వివరాలు అడిగి తెలుసుకోవడానికి ఈ కార్యాలయానికి అనుమతి ఇస్తున్నాను అని. 1974 నాటి వ్యక్తిగత గోప్యత చట్టం ప్రకారం ఆ సంతకం లేనిదే ఏ ప్రభుత్వ శాఖా సెనేటర్‌కు సైతం ఒక పౌరుడి ఫైలు చూపదు. సెనేటర్ శాఖను ఆదేశించలేడు. ఫలానా ఫైలు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని మాత్రమే అడగగలడు. ఆ అడగడమే సగం పని చేయిస్తుంది. ఒక్కొక్కసారి మిగతా సగమూ చేయిస్తుంది.

మరొక ఆచారం ఉంది. డర్బిన్‌కు ముందు ఆ స్థానంలో ఉన్న పాల్ సైమన్ మొదలుపెట్టినది. సభ నడిచే రోజుల్లో గురువారం ఉదయం, ఇల్లినాయ్ నుంచి రాజధానికి వచ్చిన ఎవరైనా సరే సెనేటర్‌తో కలిసి కాఫీ తాగవచ్చు. సిఫారసు అక్కరలేదు. కాఫీ ఒక్కటే, ఖర్జూరాలు లేవు. కానీ వారి ప్రశ్నలకు ఆయన జవాబు చెప్పాలి.

ఇక అసలు కథకు వస్తాం. తెరెజా లీ అనే అమ్మాయి బ్రెజిల్‌లో కొరియన్ తల్లిదండ్రులకు పుట్టింది. రెండేళ్ల వయసులో కుటుంబంతో షికాగో చేరింది. వారికి చట్టబద్ధమైన పత్రాలు లేవు. పిల్ల పియానో విద్వాంసురాలైంది. సంగీత కళాశాలలకు దరఖాస్తు చేసే వేళ వచ్చేసరికి తన పౌరసత్వం గడిలో ఏమి రాయాలో తెలియక ఆగిపోయింది. ఆమె చదివే సంగీత పాఠశాల నిర్వాహకురాలు సెనేటర్ డర్బిన్ కార్యాలయానికి ఫోన్ చేశారు. కార్యాలయం చట్టం పరిశీలించింది. ఆ చట్టం ప్రకారం ఆ అమ్మాయి తాను ఎన్నడూ ఎరుగని దేశానికి వెళ్లిపోయి, పదేళ్లు ఆగి, అప్పుడు తిరిగి దరఖాస్తు చేసుకోవాలి. మరో మార్గం లేదు.

సాధారణంగా ఇక్కడితో అర్జీ ముగుస్తుంది. "చట్టం ఒప్పుకోదమ్మా" అనే మాట మనం మండల కార్యాలయం నుంచి సచివాలయం దాకా వింటూనే ఉన్నాం. డర్బిన్ కార్యాలయం మరొక అడుగు వేసింది. చట్టం ఒప్పుకోకపోతే మార్చవలసినది చట్టాన్నే కదా అనుకుంది. 2001 ఆగస్టులో రిపబ్లికన్ పార్టీకి చెందిన ఆరిన్ హ్యాచ్‌తో కలిసి, బాల్యంలో తెలియక దేశానికి వచ్చి అక్కడే పెరిగిన పిల్లలకు చట్టబద్ధ నివాసం కల్పించే బిల్లును డర్బిన్ సెనేట్ ముందుంచారు. దానికే డ్రీమ్ చట్టమని పేరు. దాని మీద విచారణ 2001 సెప్టెంబరు 12న జరగవలసి ఉంది. సెప్టెంబరు 11న ఏమైందో మీకు తెలుసు. విచారణ జరగలేదు. వలస వచ్చినవారి మాట వినే చెవి ఆ దేశంలో చాలాకాలం మూతబడింది. మన సమాజం మీద అనుమానపు నీడ పడిన ఆ ఉదయమే, ఒక కొరియన్ పిల్ల ఆశ కూడా వాయిదా పడింది.

ఆ తరువాత 2007లో ఆ బిల్లుకు 52 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 44. సెనేట్ నిబంధనల ప్రకారం చర్చ ముగించి ఓటింగుకు పోవాలంటే 60 కావాలి. ఓడింది. 2010 డిసెంబరులో 55, వ్యతిరేకంగా 41. మళ్లీ ఓడింది. గెలుపు వైపు ఎక్కువ మంది ఉండి ఓడిపోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. 2013లో ఎనిమిదిమంది సెనేటర్లు రెండు పార్టీల నుంచి కలిసి రాసిన సమగ్ర వలస బిల్లులో దీన్ని చేర్చారు. డర్బిన్ ఆ ఎనిమిదిమందిలో ఒకరు. అది సెనేట్‌లో 68 ఓట్లతో గెలిచింది, దిగువ సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. 2023లో లిండ్సే గ్రాహంతో కలిసి మరోసారి ప్రవేశపెట్టారు. నేటికీ అది చట్టం కాలేదు.

అయితే ఈ శ్రమంతా వృథా అయిందా? ఈ మధ్యకాలంలో ఆయన చేసిన పని ఒకటి చెప్పాలి. సెనేట్‌లో నిలబడి, పక్కన ఒక పెద్ద ఫొటో పెట్టి, ఆ పిల్లవాడు ఎవరు, ఏం చదివాడు, ఏం కాదలచుకున్నాడు అని చెప్పేవారు. మరోసారి మరో అమ్మాయి ఫొటో. అలా వందకు పైగా కథలు చెప్పారు. అన్నీ వారి అనుమతితోనే. అవన్నీ సభా రికార్డులో శాశ్వతంగా ఉన్నాయి. 2010లో డర్బిన్, రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ లూగర్ కలిసి, ఈ పిల్లలను దేశం నుంచి పంపివేయవద్దని అధ్యక్షుడు ఒబామా ప్రభుత్వానికి లేఖ రాశారు. 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం వారికి తాత్కాలిక రక్షణ, పని చేసుకొనే అనుమతి ప్రకటించింది. ఎనిమిది లక్షల మందికి పైగా యువతీయువకులు దాని వల్ల చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు. అది పూర్తి న్యాయం కాదు, కోర్టుల్లో నేటికీ ఊగిసలాడుతోంది. అయినా ఆ ఎనిమిది లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగింది.

ఇప్పుడు మన సమాజానికి నేరుగా సంబంధించిన సంగతి. 2011 మార్చి 10న దిగువ సభలో పీటర్ కింగ్ అనే సభ్యుడు, అమెరికా ముస్లింలలో తీవ్రవాదం అనే అంశం మీద విచారణ ఏర్పాటు చేశారు. ఒక సమాజాన్ని సమాజంగానే బోనులో నిలబెట్టడమని ఎందరో ఖండించారు. కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎలిసన్ ఆ విచారణలో మాట్లాడుతూ కంటతడి పెట్టారు. సెప్టెంబరు 11న జంట భవనాల్లో ఉన్నవారిని కాపాడేందుకు పరుగెత్తి ప్రాణాలు కోల్పోయిన ఒక ముస్లిం యువకుణ్ణి, ఆచూకీ తెలియని ఆ రోజుల్లో కొందరు హంతకుల జాబితాలో చేర్చి అనుమానించారని ఆయన గుర్తు చేశారు.

మనమైతే ఏం చేసేవాళ్లం? ఊరేగింపు తీసేవాళ్లం, దిష్టిబొమ్మ తగలబెట్టేవాళ్లం. దానికీ సందర్భం ఉంటుంది, కాదనం. డర్బిన్ చేసింది వేరు. సరిగ్గా 19 రోజులకు, మార్చి 29న, తన అధ్యక్షతలోని సెనేట్ ఉపసంఘం ముందు "అమెరికా ముస్లింల పౌర హక్కుల పరిరక్షణ" అనే అంశంపై విచారణ పెట్టారు. ఆ దేశపు కాంగ్రెస్‌లో ఈ అంశం మీద జరిగిన మొదటి విచారణ అదే. ముస్లిం అడ్వొకేట్స్ సంస్థ నాయకురాలు ఫర్హానా ఖేరా సాక్ష్యమిచ్చారు. ఆమె అంతకుముందు సెనేట్ న్యాయ కమిటీలోనే న్యాయవాదిగా పనిచేసిన మనిషి. ఏ తలుపు ఎక్కడుందో ఎరిగినవారు. ప్రభుత్వ పౌర హక్కుల విభాగం అధిపతి టామస్ పెరెజ్ కూడా హాజరై, ద్వేషపూరిత దాడులపై తమ విభాగం జరిపిన దర్యాప్తులను వివరించారు. ఆ రోజుల్లోనే ఇల్లినాయ్‌లో ఒక ముస్లిం ఉపాధ్యాయిని హజ్ యాత్రకు దాదాపు మూడు వారాల జీతం లేని సెలవు కోరితే బడి యాజమాన్యం నిరాకరించింది. ఆమె పక్షాన న్యాయ శాఖే 2010 డిసెంబరులో దావా వేసింది. మరుసటి ఏడాది బడి పరిహారం చెల్లించి రాజీపడింది. ఒక టీచరమ్మ సెలవు చీటీ కోసం ప్రభుత్వం కోర్టుకెక్కింది!

మరో ఏడాది గడిచింది. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్ రాష్ట్రం ఓక్ క్రీక్ గురుద్వారాలో ఒక జాతి దురహంకారి కాల్పులు జరిపి ఆరుగురు సిక్కులను చంపాడు. సెప్టెంబరు 19న డర్బిన్ ఉపసంఘం ద్వేష నేరాల మీద విచారణ జరిపింది. ఆ ఘటనలో తల్లిని పోగొట్టుకున్న 18 ఏళ్ల కుమారుడు సాక్ష్యమిచ్చాడు. అప్పటికి ఎఫ్‌బీఐ వారి ద్వేష నేరాల పత్రంలో సిక్కులకు గడి లేదు. ఆ కుర్రవాడు కోరింది పరిహారం కాదు, ఉద్యోగం కాదు. కనీసం లెక్కలో ఒక అంకెగా నిలిచే గౌరవమైనా తన తల్లికి ఇవ్వమని అడిగాడు. ఆ తరువాత సంఘాలు వెంటపడ్డాయి, సెనేటర్లు లేఖలు రాశారు. 2013లో ఎఫ్‌బీఐ అంగీకరించింది. 2015 నుంచి ఆ పత్రంలో సిక్కులకు, హిందువులకు, అరబ్బులకు విడివిడిగా గడులు వచ్చాయి. ఆ సాక్ష్యం చదివిన రోజు మేము చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం. ఒక గడి కోసం ఒక కొడుకు అంత దూరం వచ్చాడు.

ఇక్కడ మన గురించి ఒక మాట చెప్పుకోక తప్పదు. వక్ఫ్ సవరణ బిల్లు సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లినప్పుడు 97 లక్షలకు పైగా వినతులు వచ్చాయని ప్రభుత్వమే చెప్పింది. అందులో మనవీ ఉన్నాయి. మనలో చాలామందిమి ఫోన్‌లో క్యూఆర్ కోడ్ తెరిచి, ఎవరో ముందే రాసిపెట్టిన వాక్యాలను పంపించాం. మేమూ పంపాం. కానీ మా వీధి చివరి ఖబరస్తాన్ సర్వే నంబరు ఇది, దాని దస్తావేజు ఇది, ఈ సవరణ వస్తే దానికి ఈ ఇబ్బంది కలుగుతుంది అని మేము రాయలేదు. మీలో రాసినవారుంటే మీకు మా సలాం. బిల్లు 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో 288 ఓట్లతో, రాజ్యసభలో 128 ఓట్లతో నెగ్గింది. మనం వివరంగా రాసి ఉంటే ఆగిపోయేదని చెప్పే అమాయకులం కాము. ఆ ఖబరస్తాన్ పేరు పార్లమెంటు కాగితాల్లో ఉండేదని మాత్రం చెప్పగలం. రేపు కోర్టులో, ఎల్లుండి మరో సభలో, ఎవరైనా వెతికితే దొరికేది.

డర్బిన్‌ను మేము పీరుగా నిలబెట్టడానికి రాలేదు. 2001లో పేట్రియాట్ చట్టానికి ఆయనా అనుకూలంగానే ఓటు వేశారు; సెనేట్ మొత్తంలో వ్యతిరేకించినది రస్ ఫైన్‌గోల్డ్ ఒక్కరే. రెండేళ్లకు డర్బిన్ తప్పు దిద్దుకొనే ప్రయత్నం చేశారు. లారీ క్రెయిగ్ అనే సంప్రదాయవాద రిపబ్లికన్‌తో కలిసి, ఆ చట్టపు కోరలు తగ్గించే బిల్లు తెచ్చారు. 2002లో ఇరాక్ యుద్ధానికి అనుమతినిచ్చే తీర్మానాన్ని వ్యతిరేకించిన 23 మంది సెనేటర్లలో ఆయన ఒకరు. 2005లో గ్వాంటనామో చెరసాలలో ఖైదీలను హింసించిన తీరును ఒక ఎఫ్‌బీఐ అధికారి లేఖ నుంచి సభలో చదివి వినిపించారు. నాజీల పేరు తెచ్చి పోల్చినందుకు దేశమంతా దుమారం రేగింది. వారం తిరిగేసరికి కన్నీళ్లతో క్షమాపణ చెప్పారు. ఆయన క్షమాపణ పోలికకు చెప్పారు, హింస జరిగిందన్న మాటను వెనక్కు తీసుకోలేదు. అయినా ఆ రోజు ఆయన వెనక్కి తగ్గారనే మా అభిప్రాయం. గాజా విషయంలో 2023 నవంబరు తొలి రోజుల్లోనే, బందీల విడుదలతో ముడిపెట్టి కాల్పుల విరమణ జరగాలన్నారు. సెనేటర్లలో ఆ మాట అన్న మొదటివారు ఆయనే. కానీ 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్‌కు ఆయుధ సహాయం కలిసి ఉన్న నిధుల బిల్లుకు ఓటు వేశారు. అదే ఏడాది నవంబరులో ఆయుధాల అమ్మకాన్ని ఆపాలన్న తీర్మానాన్ని సమర్థించారు, అది ఓడిపోయింది. ఈ ఓట్లన్నీ ఒకే మనిషివి. ఒక్క ఓటు చూసి మెచ్చుకున్నా, ఒక్క ఓటు చూసి తిట్టినా అన్యాయమే అవుతుంది.

ఆదిల్ మంగి సంగతి మరీ చేదైనది. కరాచీలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్, హార్వర్డ్‌లలో చదివి, న్యూజెర్సీలో ఒక మసీదు నిర్మాణ హక్కు కోసం ఫీజు లేకుండా వాదించిన న్యాయవాది. 2023లో అధ్యక్షుడు బైడెన్ ఆయనను ఫెడరల్ అప్పీలు కోర్టుకు ప్రతిపాదించారు. నియమితులై ఉంటే ఆ స్థాయికి చేరిన తొలి ముస్లిం న్యాయమూర్తి అయ్యేవారు. డర్బిన్ అధ్యక్షతన డిసెంబరులో విచారణ జరిగింది. చట్టం గురించి అడగవలసిన చోట, హమాస్‌ను ఖండిస్తావా, సెప్టెంబరు 11 దాడులను ఖండిస్తావా అని కొందరు సెనేటర్లు ఆయనను నిలదీశారు. కమిటీలో 11-10తో నెగ్గింది. ఆ తరువాత సొంత పార్టీ సెనేటర్లే కొందరు వెనుదీశారు. సభ ముందుకు ఓటుకే రాలేదు. 2024 చివరికి ప్రతిపాదన మురిగిపోయింది. అంతకుముందు జాహిద్ ఖురైషీ 2021లో 81-16తోను, నుస్రత్ చౌధురీ 2023లో 50-49తోను జిల్లా న్యాయమూర్తులయ్యారు. ఒక మెట్టు ఎక్కనిచ్చారు, రెండో మెట్టు దగ్గర తలుపు వేశారు. కమిటీ అధ్యక్షుడే మన పక్షాన నిలబడినా సరిపోలేదు.

చివరగా, తెలుగు వాళ్ల ఇళ్లలో డర్బిన్ పేరు వినగానే కోపం వచ్చే సంగతి ఒకటుంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి లక్షా నలభై వేలు. ఏ ఒక్క దేశం వారికీ 7 శాతం మించకూడదని నియమం. హెచ్‌1బీ మీద వెళ్లిన మన పిల్లలు అందువల్ల దశాబ్దాలు వేచి ఉండాలి. వారి వెంట చిన్నతనంలో వెళ్లిన బిడ్డలు 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల హోదా నుంచి తెగిపోతారు. 2019లో ఆ దేశాలవారీ పరిమితి తొలగించే బిల్లును చర్చ లేకుండా ఏకగ్రీవంగా ఆమోదించాలని సెనేటర్ మైక్ లీ కోరగా, డర్బిన్ అభ్యంతరం చెప్పారు. కార్డుల సంఖ్య పెంచకుండా వరుస మాత్రం మారిస్తే ఒకరి బాధ మరొకరి నెత్తిన పడుతుందని ఆయన వాదన. మనవారు ఆగ్రహించారు, ఆందోళన చేశారు. ఆయన ఆ అక్టోబరులోనే సొంతంగా మరో బిల్లు పెట్టారు: ఐదేళ్లలో బకాయి మొత్తం తీర్చడం, 21 నిండిన పిల్లలను కాపాడడం. మైక్ లీతో చర్చలు జరిపి డిసెంబరులో రాజీకి వచ్చారు. 2020 డిసెంబరులో సెనేట్ ఒక రూపంలో బిల్లును ఆమోదించింది కూడా. దిగువ సభ ఆమోదించిన రూపానికీ దీనికీ పొంతన కుదరక కాలదోషం పట్టింది. మా బంధువుల ఇంట ఒక అమ్మాయికి ఈ మధ్యనే 21 నిండాయి. ఆ ఇంటివారు నేటికీ డర్బిన్‌ను క్షమించలేదు. ఆ ఇంట్లో కూర్చొని ఆయన గణాంకాలు వల్లించే ధైర్యం మాకు లేదు. కానీ ఆందోళన చేసినవారి మాట వినకుండా ఆయన తలుపు వేసుకోలేదు, వారూ అభ్యంతరం విన్నాక ఇంటికి పోలేదు. ఆ రెండింటి మధ్యనే రెండో బిల్లు పుట్టింది.

ఇప్పుడు మీ చేతుల్లోకి ఒక కాగితం వస్తుంది. మన పార్లమెంటరీ కమిటీల సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి. అమెరికాలోలా బహిరంగ విచారణ కాదు. కనుక మనకున్న దారులు వేరు: సభ్యుడి చేత ప్రశ్న అడిగించడం, ప్రత్యేక ప్రస్తావన చేయించడం, అర్జీల కమిటీకి అర్జీ పెట్టడం. రాజ్యసభకు అర్జీ పెట్టాలంటే దాని మీద ఒక సభ్యుడి సంతకం కావాలి. ఇఫ్తార్‌కు వచ్చినవారిని అడగవలసింది ఆ సంతకమే. కాగితం మొదటి పుటలో మీ ఊరు, సమస్య, సర్వే నంబరో ఫైలు నంబరో, తేదీలు రాయడానికి ఖాళీలున్నాయి. రెండో పుటలో మీ సభ్యుడి పేరు, ఆయన చివరిసారి సభలో అడిగిన ప్రశ్న, తేదీ. రెండో పుట ఇంటికి వెళ్లి వెతికి నింపాలి, ఇక్కడే ఊహించి రాయవద్దు. తల్లులకు మరో మాట: స్కాలర్‌షిప్ ఆగిన పిల్లల వివరాలు విడి కాగితం మీద రాయండి, పిల్లల అనుమతి అడిగే రాయండి. కలాలు లేనివారు చెయ్యెత్తండి, మా వాళ్లు తెచ్చి ఇస్తారు. పావుగంట తరువాత ప్రశ్నలకు కూర్చుందాం.